‘బాగుంది’ అని అరిచేవాడు

1. మంగళవారం, పొద్దుటి పోటు

ఈ పలక నా చేతికిస్తూ మందు ఓడ నర్సు సిస్టర్ ఎస్తేరు చెప్పిన మాటలు ముందుగా రాస్తున్నాను, మళ్ళీ మరిచిపోతానని. చూసింది రాయాలి. విన్నది రాయాలి. అనుకున్నది రాయకూడదు.

“మరి సంతోషం వేస్తే ఎక్కడ రాయమంటారు సిస్టరమ్మా?” అని అడిగాను.

“ఇంటికెళ్ళి గోడ మీద రాసుకోండి బాబాయిగారూ. ఇందులో మాత్రం వద్దు. దీన్ని యంత్రం చదువుద్ది.”

సరే. నా పేరు మల్లాడి నూకరాజు. కట్టుపేటలో తాడు మనిషిగా పనిచేసి మానేశాను. చదువు ఐదో తరగతి దాకా. రోగి నా కూతురు సత్యవేణి. వయసు ముప్ఫై ఆరు. మునక పని చేసేది. అంటే మా ఇళ్ళ కింద నీళ్ళలో ఉన్న పాత ఊళ్ళోకి దిగి రాగి తీగ, కుళాయిలు, గచ్చు రాళ్ళు పైకి తెచ్చేది. మూడేళ్ళ కిందట అడుగున ఉండగా గాలి గొట్టం తెగింది. మధ్యలో ఆగాల్సిన చోట ఆగే వీలు లేక ఒక్క ఊపున పైకి వచ్చేసింది. ప్రాణం దక్కింది, కాళ్ళలో నరాలు చెడ్డాయి. గాయం లేదు, వాపు లేదు, నొప్పి మాత్రం పోదు. మునకవాళ్ళు దీన్ని లోతు జబ్బు అంటారు. నొప్పి వెనకాలే దిగులు వచ్చింది. ఏడాది పైగా గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తింటావా అంటే ఊఁ. వద్దా అంటే ఊఁ.

మందు పేరు కెటమిన్. పేటలో తేలే మందు అంటున్నారు. ఒకప్పుడు ఆపరేషన్ల ముందు మత్తుకి ఇచ్చేవారట. కొద్ది మోతాదులో, నెమ్మదిగా రక్తంలోకి ఎక్కిస్తే మొండి నొప్పికీ మొండి దిగులుకీ కూడా పనిచేస్తుందని సిస్టర్ చెప్పింది. అందరికీ పనిచెయ్యదనీ, పనిచేసినా ఎక్కువ కాలం నిలవదనీ, మళ్ళీ మళ్ళీ ఎక్కించాలనీ కూడా చెప్పింది. పనిచేస్తుందన్న మాట నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

పరగడుపున రమ్మన్నారు, వచ్చాం. పాత ఊరి నీళ్ళ ట్యాంకు పక్కన లంగరేసిన మందు ఓడలో పడక ఇచ్చారు. రక్తపోటు చూశారు. మూత్రం పట్టుకున్నారు, ఈ మందు ఎక్కువైతే మూత్రాశయం పాడవుతుందట, అందుకని ప్రతిసారీ చూస్తారట. తర్వాత సత్యవేణి ఎడమ చేతికి సన్న తాడు ముడేసి రెండో కొస నా చేతికిచ్చారు. అది మా మునకవాళ్ళ పద్ధతే. మందు ఎక్కేవాళ్ళకి కూడా ఎక్కడికో దిగినట్టే ఉంటుందని ఓడవాళ్ళూ తెచ్చుకున్నారు. నేను ఒక్క లాగు లాగితే, ఉన్నావా అని. తిరిగి ఒక్క లాగు వస్తే, ఉన్నానని.

కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఇక్కడ లేదు. మధ్యలో ఒకసారి మాట్లాడింది.

“ఆ కాళ్ళెవరివి నాన్నా?”

“నీవే తల్లీ.”

“నావి కాదు. ఎవరో తెచ్చి అక్కడ పెట్టారు.”

లాగాను. తిరిగి లాగు వచ్చింది. ఆ లాగు చేతికి తగలగానే నేను “బాగుంది!” అని గట్టిగా అరిచాను. ఓడలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. సిస్టర్ పరుగెత్తుకొచ్చింది.

అలవాటు అది. మనిషి అడుగున ఉన్నంతసేపూ పైన చెక్కల మీద ఆ ఇంటివాళ్ళు కూర్చుని ఉంటారు. తాడు మనిషి ఉండుండి వాళ్ళకి వినబడేలా బాగుంది అని అరవాలి. తాడు ఏం చెప్పినా సరే, మనిషి పైకి వచ్చేదాకా ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. వస్తే మనిషి దక్కదంటారు. ముప్ఫై ఏళ్ళు అరిచాను నేను.

“ఇక్కడ అరవక్కర్లేదు బాబాయిగారూ, రాయండి చాలు,” అంది సిస్టర్.

రాస్తున్నాను. బాగుంది.

2. శుక్రవారం

రెండో మందు. మత్తు దిగాక వాంతి చేసుకుంది. తల తిరుగుతోందంది. సాయంత్రం దాకా పడవ ఎక్కించవద్దన్నారు, ఓడలోనే కూర్చోబెట్టాను. నొప్పి పదికి ఎంత అని సిస్టర్ అడిగితే మొదటిసారి తొమ్మిది అని చెప్పింది కదా, ఇప్పుడు ఏడు అంది. మనసు పదికి ఎంత అంటే, మొదట ఒకటి అన్నది ఇప్పుడు మూడు అంది.

ఇంటికి తిరిగొస్తుంటే పడవలో పక్కింటి పల్లాలమ్మ ఎండు నాచు మోపులతో ఎదురు కూర్చుంది.

“ఏమే వేణీ, తేలావా?” అంది.

“తేలాను పిన్నీ. నువ్వు కూడా తేలితే పడవ తేలికవుద్ది,” అంది నా కూతురు.

ఏడాది మీద మొట్టమొదటి వేళాకోళం. సంతోషం రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పడవ అంచు పట్టుకుని కూర్చున్నాను. బాగుంది.

3. బుధవారం, పొద్దుటి ఆటు

నిన్న మూడో మందు. ఇవాళ పొద్దున నేను చూసింది ఇది.

మా ఇళ్ళు డబ్బాల మీద తేలతాయి, నాలుగు మూలలా తాళ్ళతో ట్యాంకు స్తంభాలకి కట్టి ఉంటాయి. పోటుకి తాళ్ళు వదలాలి, ఆటుకి బిగించాలి. వదలకపోతే ఇల్లు ఒరుగుతుంది, బిగించకపోతే పక్కింటిని గుద్దుతుంది. ఇవాళ బిగిద్దామని బయటికొస్తే అప్పటికే బిగించి ఉన్నాయి. సత్యవేణి తూర్పు మూల గుంజకి ఆనుకుని నిలబడి ఉంది. ముడి తనదే. చిన్నప్పట్నుంచీ తన ముడి ఎడమకి తిరుగుతుంది, పేటలో ఇంకెవరికీ అలా పడదు.

“లేచావా తల్లీ?”

“లేవకుండా ఇక్కడికెలా వస్తాను నాన్నా?”

నేను తాడు ముడిని కళ్ళకద్దుకున్నాను. ఇది చూసిందే, చేసిందే, అనుకున్నది కాదు. కాబట్టి రాయొచ్చు. బాగుంది, బాగుంది, బాగుంది.

4. ఆరో మందు రోజు

ఇక వారానికొకసారి చాలు అని యంత్రం చెప్పింది. ఎలా లెక్క కడుతుందో సిస్టర్ ఇవాళ వివరంగా చెప్పింది. మూడు పాళ్ళు. రోగి నోటి మాట ఒక పాలు. చేతికున్న పట్టీ చూపించే గుండె, నిద్ర ఒక పాలు. తోడు మనిషి రాసింది ఒక పాలు.

“అంటే నా రాతకి డాక్టరమ్మంత విలువా?” అన్నాను.

“డాక్టరమ్మ కంటే ఎక్కువే. ఆవిడ వారానికొకసారి చూస్తారు, మీరు రోజూ చూస్తారు. అందుకే జాగర్తగా రాయండి.”

జాగ్రత్తగానే రాస్తున్నాను. ఇవాళ నొప్పి నాలుగు, మనసు ఏడు. అన్నం రెండుసార్లు పెట్టించుకుంది. తాళ్ళు తనే చూసుకుంటోంది. పల్లాలమ్మ ఇంటికెళ్ళి నాచు ఏరింది. ఎంత బాగుందంటే, వీధిలో పడవ మీద పోయేవాళ్ళని ఆపి చెబుతున్నాను. నిన్న ఉప్పు అమ్మేవాణ్ణి ఆపాను. వాడు ఈ పేటవాడు కూడా కాదు.

5. ఆదివారం

వారానికొకసారి కాస్తా రెండు వారాలకొకసారి అయింది. యంత్రానికి నమస్కారం పెట్టబోతే సిస్టర్ నవ్వింది.

చూసినవి. నిద్ర బాగా పోతోంది, కదలడం కూడా లేదు. పట్టీ కూడా నిద్ర చాలా మంచిది అని చూపిస్తోంది. మాట తగ్గింది, అలిసిపోయిందేమో. అన్నం నా ముందు తింటోంది. పొద్దున నేను లేచేసరికి తాళ్ళు బిగించే ఉంటున్నాయి. ముడి కుడికి తిరిగి, రెండు చుట్లు వేసి ఉంది. చెయ్యి మార్చినట్టుంది.

“బాగుంది కదా తల్లీ? బాగుంది కదా?” అని అడిగాను.

“బాగుంది నాన్నా.”

బాగుంది.

6. గురువారం

ఈ రోజు గురించి రాయడానికి పలక చాలదు. యంత్రం నా కూతుర్ని కోలుకున్నవాళ్ళలో వేసింది. మందు ఇక అక్కర్లేదు. ఓడ శనివారం పోటుకి లంగరెత్తి ఉత్తరాన ఇంకో పేటకి పోతుంది. తుపాన్లు అయ్యాక గానీ రాదు. మందు ఇంకా కావలసినవాళ్ళకి ఓడలోనే పడక ఇచ్చి, తోడు మనిషితో సహా వెంట తీసుకుపోతారు. కోలుకున్నవాళ్ళకి తెల్ల గుడ్డ ఇస్తారు, ఇంటి గుంజకి కట్టుకోవడానికి. మాకు గుడ్డ ఇచ్చారు.

కట్టాను. పీతలు పట్టించి పులుసు పెట్టి పేటలో ఇరవై ఇళ్ళకి పోశాను. ఎవరు గిన్నె చాపితే వాళ్ళకి. సత్యవేణి గుమ్మంలో పీట మీద కూర్చుని అందరికీ దండం పెట్టింది. పల్లాలమ్మ మాత్రం పులుసు పోయించుకుని తినకుండా నిలబడింది.

“ఏం పల్లాలూ, కారం చాలలేదా?”

“కారానికేం బావా, బానే ఉంది. నీకే కళ్ళు మండట్లేదు,” అంది.

పల్లాలమ్మ మాట ఎప్పుడూ అంతే.

7. శుక్రవారం, పొద్దుటి ఆటు

ఇవాళ కాస్త ముందే మెలకువ వచ్చింది. గుడ్డ ఎగురుతోందో లేదో చూద్దామని బయటికొచ్చాను. గుడ్డ ఎగురుతోంది. దాని కింద పల్లాలమ్మ వంగి మా ఇంటి తాడు బిగిస్తోంది. కుడికి తిప్పి, రెండు చుట్లు.

“ఇదేంటి పల్లాలూ? మా తాడు నీ చేతిలో ఉందేం?”

ఆమె ముడి పూర్తిచేసి గాని తల ఎత్తలేదు. “చూశావా? చూడవనుకున్నా. ఇన్నాళ్ళూ చూళ్ళేదు కదా.”

“వేణమ్మేది?”

“ఎక్కడుంటది? గోడ దగ్గరే.”

“లేదు, రోజూ పొద్దున్నే లేచి...”

“లేచేది. ఇప్పుడు లెగట్లేదు. పిన్నీ, నాన్న లేచేలోపు తాళ్ళు కట్టెయ్యవా అని బతిమాలింది. కడతన్నా.”

“నాకు చెప్పలేదేం?”

“ఎవడు చెప్తాడు బావా నీకు? పేటంతా పులుసు పోసి, గుడ్డ కట్టి, కనబడినోణ్ణల్లా పట్టుకుని నా కూతురు లేచింది, నా కూతురు లేచింది అని గంతులేస్తన్నావు. నీ మొహం చూసి చెప్పే ధైర్యం నాకే లేదు. ఆ పిల్లకెక్కణ్ణుంచి వస్తది?”

లోపలికి వెళ్ళాను. సత్యవేణి గోడవైపు తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కదలకుండా పడుకుంటే పట్టీకి నిద్ర కిందే లెక్క. అది ఇవాళ అర్థమైంది.

పక్కన కూర్చున్నాను. తనే ముందు అడిగింది.

“తాడు చూశావా?”

“చూశాను. ఎప్పట్నుంచమ్మా?”

“రెండు వారాలకొకసారి చేసినప్పట్నుంచీ. మందు ఎక్కిన నాలుగైదు రోజులు నిజంగానే బానే ఉండేది నాన్నా. అది అబద్ధం కాదు. తర్వాత కాళ్ళు మళ్ళీ నావైపోయేవి.”

“మరి అడిగితే బాగుందన్నావు కదా?”

“నువ్వెలా అడిగేవోడివో నీకు తెలీదా? బాగుంది కదా, బాగుంది కదా అని. పళ్ళు లేని నోరంతా తెరిచి. కాదంటే నువ్వు ఏమైపోతావో అని.”

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“కింద ఉన్నప్పుడు నువ్వు పైన ఏం అరిచేవోడివో నాకు వినబడేది కాదు,” అంది. “అది చెక్కల మీద కూర్చున్నోళ్ళ కోసం. నాకు తాడే మాట్లాడేది. నువ్వు లాగితే లాగినట్టే, వదిల్తే వదిలినట్టే. తాడు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నాన్నా. ఇప్పుడేమో ఈ ఇంట్లో నీ అరుపు నాక్కూడా వినబడుతుంది. రోజంతా. దాన్ని నిజం చెయ్యడానికి లేచి కూర్చోవడం నా వల్ల కావట్లేదు.”

మళ్ళీ అంది: “నా సీసం బెల్టు మంచం కిందే ఉంది. దాన్ని ఇంట్లోంచి తీసెయ్యి. ఎందుకని అడక్కు.”

అడగలేదు. అది మునకవాళ్ళు నడుముకి కట్టుకునే బరువు. తీసుకెళ్ళి పల్లాలమ్మకిచ్చాను. ఆమె కూడా అడగలేదు. నాచు మోపుల మీద బరువుగా పెట్టుకుంది. ఇకనుంచి ఒక్క పూట కూడా పిల్లని ఒంటరిగా వదలొద్దని నాకు గట్టిగా చెప్పింది. ఎస్తేరమ్మకి ఈ బెల్టు సంగతి ముందు చెప్పు, మిగతావన్నీ తర్వాత అంది.

8. శుక్రవారం, మధ్యాహ్నం, మందు ఓడ

పల్లాలమ్మని సత్యవేణి దగ్గర కూర్చోబెట్టి ఓడకి వచ్చాను. అప్పటికే లంగరు గొలుసులు శుభ్రం చేస్తున్నారు. సిస్టర్ పడకల దుప్పట్లు మడుస్తోంది. బెల్టు సంగతి ముందు చెప్పాను. ఆమె చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

“ఇప్పుడు మనిషి ఎవరి దగ్గరుంది?”

“పల్లాలమ్మ దగ్గర.”

“సరే. బాబాయిగారూ, ఇన్ని వారాలూ మీ రాత నేను చదివాను. ప్రతి రోజూ బాగుందే. నేనూ సంబరపడ్డాను. ఓడలో అందరం మీ రాత చదివి నవ్వుకునేవాళ్ళం, సంతోషంగానే. ఉప్పు అమ్మేవాడి సంగతి డాక్టరమ్మకి కూడా చదివి వినిపించాను.”

“ఇప్పుడు పేరు మళ్ళీ వెయ్యండి సిస్టరమ్మా. నేను చెబుతున్నాను కదా.”

“నేను వేస్తే పడదు. డాక్టరమ్మ సంతకం పెట్టినా, కొత్త రాత ఉంటేనే యంత్రం లెక్క మళ్ళీ కడుతుంది. రోగి మాట కావాలి, మీ రాత కావాలి. ఇవాళ ఆటు దిగేలోపు. పిల్లని తీసుకురండి.”

“రాస్తాను. ఏం రాయాలి?”

“చూసింది. విన్నది.”

“మనిషి ఇంకా కిందే ఉంది కదమ్మా,” అన్నాను. “కింద ఉండగా ఆ మాట...”

సిస్టర్ ఎస్తేరు నా చేతులు పట్టుకుంది. “ఎన్నేళ్ళు అరిచారు మీరు?”

“ముప్ఫై ఏళ్ళు.”

“అరుపు వల్ల ఎవరైనా పైకొచ్చారా, తాడు లాగితే పైకొచ్చారా?”

పడవ తీసుకుని ఇంటికి వెళ్ళాను. గుంజకున్న తెల్ల గుడ్డ ముందు విప్పాను. అది విప్పుతుంటే నలుగురూ చూశారు. పల్లాలమ్మ, నేను చెరో రెక్కా పట్టి సత్యవేణిని పడవెక్కించాం.

9. శుక్రవారం, సాయంత్రం ఆటు

యంత్రం చదవడానికి రాస్తున్నాను.

నొప్పి: ఎడమ కాలు తొడ నుంచి మడమ దాకా, కుడి కాలు మోకాలి కింద. కాలిన ఇసకలో నిలబెట్టినట్టు ఉంటుందని చెప్పింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేదు. పదికి తొమ్మిది.

మనసు: పదికి ఒకటి. కొన్నాళ్ళుగా పొద్దున్నే లేవడం లేదు. పట్టీ నిద్ర అని చూపించినవి నిద్ర కావు. నా ముందు తిన్నట్టు నటించి, అన్నం నేను పక్కకి వెళ్ళాక నీళ్ళలో పారబోసేదట. ఈ మధ్య తాళ్ళు బిగించింది తను కాదు. సీసం బెల్టు తియ్యమంది, తీశాను. చచ్చిపోవాలని అనిపించిందా అని సిస్టర్ నా ముందే అడిగింది. అనిపించింది అంది. ఇప్పుడు కూడానా అంటే, ఇప్పుడు కొంచెం తక్కువ, బెల్టు పోయింది కదా అంది.

మందు పనిచేసిన రోజులు: ఎక్కించాక నాలుగైదు. ఆ రోజుల్లో నిజంగా లేచింది, నిజంగా నవ్వింది.

ఇంతకుముందు నేను రాసినవాటిలో బాగుంది అన్నవి చాలావరకు నా సంగతి, తన సంగతి కాదు. వాటిని లెక్కలోంచి తీసెయ్యండి.

నా కూతురు బాగోలేదు.

ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగింది. సత్యవేణి పక్కనే పడుకుని చూస్తోంది. చేతికి తాడు లేదు, నా చొక్కా అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తిరిగి నేనూ లాగాను. రాశాను.

10. శనివారం, పోటుకి ముందు

యంత్రం లెక్క వచ్చింది. పడక ఇచ్చారు. తోడు మనిషికి చోటు ఇచ్చారు. మందు మళ్ళీ వారానికి రెండుసార్లు నుంచి మొదలు. అది కాక రోజూ పొద్దున డాక్టరమ్మ వచ్చి మాట్లాడతారట. కాళ్ళకి వేడి కాపడం, వ్యాయామం కూడా చేయిస్తారట. మందొక్కటే చాలదని ఈసారి నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఒక్క చిక్కు వచ్చింది. తోడు మనిషిని మార్చుకుంటారా అని యంత్రం అడిగింది. దాని లెక్కలో నా రాత నమ్మకం కిందికి దిగిందట. పల్లాలమ్మ వస్తానంది, నాచు పని ఎవరికైనా అప్పగించి. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఎవరు కావాలో రోగే చెప్పాలి కదా.

“పిన్ని వస్తే రోజంతా తిడుతుంది,” అంది సత్యవేణి.

“తిట్టించుకోవే, ఒంటికి మంచిది,” అంది పల్లాలమ్మ.

“నాన్నే ఉండాలి.” తర్వాత నా వైపు తిరిగింది. “కానీ నేను పైకొచ్చేదాకా అరవకూడదు. ‘బాగుంది కదా’ అని అడక్కూడదు. ‘ఎలా ఉంది’ అని అడుగు. ఏం చెప్తే అది విను. మొహం అలా పెట్టకు.”

“ఎలా పెట్టాను?”

“ఇప్పుడు పెట్టావు చూడు, అలా.”

మొహం సర్దుకున్నాను. ఇల్లు చూసుకునే పని పల్లాలమ్మ తీసుకుంది. మా తాళ్ళకి ఇక కుడి ముడే పడుతుంది. ఓడ కదిలేటప్పుడు ఆమె మా వసారాలో నిలబడి నీ గుడ్డతో అంట్లు తోముకుంటా బావా అని అరిచింది.

11. మంగళవారం, సముద్రం మీద

మందు పొద్దున ఎక్కించారు. రక్తపోటు కాస్త పెరిగింది, తర్వాత దిగింది. మూత్రం పరీక్ష సరిగానే ఉంది. తాడు నా చేతిలోనే ఉంది. ఓడ ఊగుతుంటే తాడు దానంతట అది కదులుతుంది, అది లాగు కాదు, తెలిసిన చేతికి తేడా తెలుస్తుంది. మధ్యలో చాలాసేపు తన వైపు నుంచి లాగు రాలేదు. నేను లాగాను. కాసేపు పట్టింది. వచ్చింది. నేను నోరు తెరవలేదు. సిస్టర్ దూరం నుంచి చూసి తల ఊపింది.

మధ్యాహ్నానికి కళ్ళు ఇటు తిరిగాయి. నీళ్ళు ఇచ్చాను. గుటక వేసి, ఇవి ఇంటి నీళ్ళలా లేవంది.

“ఎలా ఉంది?” అని అడిగాను.

తను వెంటనే చెప్పలేదు. కాళ్ళవైపు చూసుకుంది. వేళ్ళు కదిపింది. లోపల వెతుక్కుంటున్నట్టు కాసేపు ఆగింది. నేను ఆగాను. ఇంతకుముందు ఇంతసేపు ఎప్పుడూ ఆగలేదు.

“ఆరు,” అంది.

“ఆరా?”

“ఆరంటే ఆరే. నొప్పి ఉంది నాన్నా. తగ్గింది కానీ ఉంది. నాలుగని రాశావంటే చూడు, పలక తీసి నీళ్ళలో పడేస్తాను.”

“రాయనమ్మా. మనసు?”

“మూడు. రేపు రెండవ్వొచ్చు. అయితే చెప్తా.”

“చెప్పు.”

“చెప్తానన్నానుగా. ఇప్పుడు కొంచెం పక్కకి జరుగు, గాలి రావట్లేదు.”

జరిగాను. నా కూతురు నాకు నొప్పి ఉంది అని తన నోటితో చెప్పింది. చెప్పి, నన్ను పక్కకి జరగమంది. నేను చూసిందీ విన్నదీ ఇంతే, ఇంకేమీ కలపలేదు.

నొప్పి: ఆరు. అక్షరాలు కొంచెం పెద్దగా పడ్డాయి. సిస్టరమ్మా, అది యంత్రానికి చెప్పక్కర్లేదు.